గడ్డి రంగు కట్టుకున్న గుర్రం

ఒకప్పుడు, పొద్దు పొడిచి ఇంకా ఎండ ఎక్కని వేళ. గాలి లేదు. మబ్బూ లేదు. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది. పడవలోంచి వంగి చూస్తే అడుగున ఇసుక కనపడుతోంది.

నీళ్లలోకి దిగడానికి అంతకన్నా మంచి రోజు ఉండదు. అందుకే ఆ రోజు ఎవరికీ భయం వెయ్యలేదు.

అప్పట్లో దిగేవాళ్లకి వీపున గాలి సిలిండర్లు లేవు, మొహానికి అద్దాలు లేవు. ఛాతీ నిండా ఊపిరి పీల్చి, బిగబట్టి దిగిపోవడమే. శంఖాల కోసం దిగేవాళ్లు. తొందరగా అడుక్కి చేరాలని నడుముకి ఒక రాయి కట్టుకునేవాళ్లు. ఎడమ మణికట్టుకి తాడు చుట్టుకునేవాళ్లు. ఆ తాడు రెండో కొస పడవలో ఒక మనిషి చేతిలో ఉండేది. కింద ఊపిరి అయిపోవస్తే తాడు ఒక్క గుంజు గుంజాలి. పైనున్నవాడు లాగేస్తాడు. నడుముకి రాయి ఉంది కదా, సొంతంగా ఈదుకుంటూ పైకి రావడం ఎవరివల్లా కాదు.

మరి పైన ఆ తాడు ఎవరు పట్టుకోవాలి?

దానికి వాళ్లకొక కట్టుబాటు ఉండేది. అన్నదమ్ములు పట్టుకోకూడదు. స్నేహితులు పట్టుకోకూడదు. బావమరిదే పట్టుకోవాలి. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు. కిందున్న మనిషి పోతే బొట్టు పోయేది తన తోబుట్టువుకి. అందుకని బావమరిది తాడు వదలడు. తాడు చేతిలో ఉన్నంతసేపూ ఆవలించడు కూడా.

వాళ్లకి చిన్నప్పటినుంచీ నేర్పేది ఒక్కటే. తాడు కదిలితే లాగు. ఎందుకు కదిలిందని ఆలోచించకు.

ఆ రోజు దిగినవాడి పేరు మసేను. పడవలో తాడు పట్టుకున్నవాడు ఎల్లాజీ, మసేను పెళ్లాం నూకాలుకి తమ్ముడు.

ఇక నీళ్ల కింద సంగతి.

సముద్రపు గుర్రాలు అప్పుడు ఇప్పటిలా ఉండేవి కావు. మొహం ఇదే, గుర్రం మొహం. నిలబడటం ఇలాగే, నిట్టనిలువుగా. తోక కూడా ఇలాగే, కొస చుట్టచుట్టుకుని. రంగు మాత్రం పసుపు. అప్పుడే దంచిన పసుపుకొమ్ము రంగు. మసక నీళ్లలో కూడా దీపం పెట్టినట్టు కనపడేవి. ఈత సంగతి చెప్పక్కర్లేదు, వదిలిన బాణాలే. పెద్ద చేప నోరు తెరుచుకుని వెంటపడితే, దాని మొహం ముందే ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయేవి.

పిల్లలకి అంత ఈత రాదు. పిల్లలు పిల్లలే.

వాటిల్లో ఒక జంట ఉండేది. తండ్రి పేరు నిట్రాయి. ఇంటి నడిమి స్తంభంలా నిలబడతాడని ఆ పేరు పెట్టారు. తల్లి పేరు పసిడి. వాళ్లకి చాలామంది పిల్లలు. ఎంతమందో పసిడికి తెలుసు. నిట్రాయికి మాత్రం చాలామంది అని తెలుసు.

ఆ పొద్దున పసిడి చిన్న చిన్న రొయ్యపిల్లల్ని వెతుక్కుంటూ మేతకి బయల్దేరింది. పిల్లల్ని మొగుడికి అప్పగించింది. మనుషులు దిగే వేళయింది, తాడు జోలికి పోనివ్వకు అని చెప్పింది. ఊగితే తాడేమైనా అరిగిపోతుందా అన్నాడు నిట్రాయి. పోనివ్వకు అని ఇంకోసారి చెప్పింది. సరేలే అన్నాడు. ఆ సరేలే ఎలాంటిదో ఆవిడకి తెలుసు. అయినా వెళ్లింది. మేత లేకపోతే ఎలా?

పసిడి అటు వెళ్లగానే మసేను ఇటు దిగాడు.

పైనుంచి రాయి బరువుతో సర్రున వచ్చి ఇసుకలో కాళ్లు ఆనించాడు. ఇసుక లేచి సర్దుకుంది. సర్దుకున్నాక చూస్తే, ఎదురుగా నిట్రాయి.

మసేను చాలాసార్లు దిగినవాడు. తాబేళ్లని చూశాడు, పాముల్ని చూశాడు, తనకన్నా వెడల్పుగా, చాటల్లా ఉండే తిరిక చేపల్ని చూశాడు. ఇలాంటిదాన్ని ఎప్పుడూ చూడలేదు. గుర్రాన్ని కూడా అతను ఒక్కసారే చూశాడు, అదీ సంతలో. ఆ గుర్రం మొహం ఇక్కడ, ఈ నీళ్ల కింద, బొటనవేలంత మొహమై తనని చూస్తోంది. కాళ్లు లేవు. కోతికున్నట్టు తోక. వీపు మీద విసనకర్రలాంటి రెక్క ఒకటి కనపడీ కనపడనట్టు ఆడుతోంది. ఒక కన్ను అతన్ని చూస్తోంది, రెండో కన్ను ఇంకెటో చూస్తోంది.

నిట్రాయికి తనని ఎవరైనా చూస్తుంటే మహా ఇష్టం. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకులా ఛాతీ ముందుకి పెట్టి నిలబడ్డాడు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. పిల్లల మాట మర్చిపోయాడు.

మసేను శంఖాల మాట మర్చిపోయాడు.

దీన్ని ఇంటికి పట్టుకెళ్లి నూకాలుకి చూపిస్తే ఎలా ఉంటుంది అనుకున్నాడు. ఒక చేత్తో పడితే జారిపోతుంది. రెండు చేతులూ దోసిలి పట్టాలి. మణికట్టుకి చుట్టిన తాడు విప్పి పక్కన వదిలాడు. ఒక్క క్షణమే కదా అనుకున్నాడు. ఎవరైనా అలా అనుకునే వదులుతారు.

వదిలిన తాడు నీళ్లలో నిలబడి మెల్లగా ఊగింది.

పిల్లలు చూశారు. ఒకటి వచ్చి తోక చుట్టింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే తాడు నిండా పసుపు పిల్లలే, చేమంతుల దండలాగా. అందరూ కలిసి ఒక ఊపు ఊగారు.

పైన ఎల్లాజీ చేతిలో తాడు కదిలింది. అతను ఆలోచించలేదు. లాగాడు.

తాడు పైకి లేచేసరికి పిల్లలకి భయం వేసింది. భయం వేస్తే పిల్లలు దొరికినదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. అతను లాగినకొద్దీ వాళ్ల తోకలు బిగుసుకున్నాయి.

మసేను దోసిలి మూసేలోపే నిట్రాయి జారుకున్నాడు. మసేను నవ్వుకుని తాడు కోసం చెయ్యి చాపాడు. తాడు లేదు. వెనక్కి తిరిగాడు. ఇసుకలో తడిమాడు. నడుము రాయి ముడి విప్పుకోబోయాడు. తడిసిన ముడి బిగుసుకుపోయి ఉంది, వేళ్లకి లొంగలేదు.

పసిడి తిరిగొచ్చింది.

పిల్లలేరీ అని అడిగింది. నిట్రాయి ఒక కంటితో ఇటు చూశాడు, ఒక కంటితో అటు చూశాడు. ఇప్పుడే ఇక్కడే ఉన్నారన్నాడు. పసిడి ఇసుకలో పాకుతున్న మనిషిని చూసింది. తల ఎత్తి, పైకి పోతున్న తాడుని చూసింది. మొత్తం అర్థమైంది. మొగుణ్ని తిట్టడానికి వ్యవధి లేదు. ఆ తిట్లు తర్వాత తీరిగ్గా తిట్టింది, అది వేరే కథ.

బాణంలా పైకి వెళ్లింది.

పడవలో ఎల్లాజీ గబగబా లాగాడు. తాడు తేలిగ్గా వస్తోంది. తేలిగ్గా వచ్చే తాడంటే ఏమిటో అతనికి తెలుసు. చివరి మూర కూడా లాగి చూస్తే కొసన బావ లేడు. వేలెడేసి పసుపు గుర్రాలు గాల్లో వేలాడుతూ నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఒకదాన్ని పీకి చూద్దామని చెయ్యి పెట్టాడు.

"ముట్టుకోకు, తోకలు తెగుతాయి" అని నీళ్లలోంచి మాట వినపడింది.

వంగి చూశాడు. ఇంకో పసుపు గుర్రం, కొంచెం పెద్దది, తల నీళ్ల పైకి పెట్టి ఉంది. ఆ రోజుల్లో చేపలు మాట్లాడితే ఎవరూ వింతపడేవాళ్లు కాదు. ఎల్లాజీ ఒక్కటే అడిగాడు.

"మా బావేడి?"

"కింద ఉన్నాడు. నీవాడు కిందున్నాడు, నావాళ్లు పైనున్నారు. తాడు వెయ్యి."

"నేనే దూకేస్తాను."

"దూకు. మీ ఇద్దర్నీ ఎవరు లాగుతారు, మీ అక్కా?"

ఎల్లాజీ కూర్చుండిపోయాడు. తాడు పిల్లలతో సహా నీళ్లలో వదిలాడు. పసిడి దాని కొసకి తోక చుట్టుకుంది. వెళ్లబోతూ ఆగి ఒక మాట చెప్పింది. తాడు వణుకుతుంది, అప్పుడు లాగకు, మీ బావ గుంజు ఎలా ఉంటుందో నీ చేతికి తెలుసు కదా, దానికే లాగు అంది. ఎల్లాజీ తల ఊపాడు. పుట్టి బుద్ధెరిగాక అతనికి అలాంటి మాట ఎవరూ చెప్పలేదు.

పసిడి తాడు పట్టుకుని కిందకి దూసుకుపోయింది.

మసేనుకి అప్పటికే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. ఛాతీలో నిప్పులు పోసినట్టుంది. ఆ చీకట్లో పసుపు దండ ఒకటి దిగొస్తూ కనపడింది. వట్టి తాడైతే కనపడేది కాదు. చెయ్యి చాపి దొరకబుచ్చుకున్నాడు. గుంజబోయాడు.

"గుంజకు" అంది పసిడి. "నా పిల్లలు దిగాలి."

అతని ఊపిరంతా ఆ ఒక్క గుంజులో ఉంది. ఆవిడ పిల్లలంతా ఆ తాడుకే ఉన్నారు. ఈసారి పైకి వెళ్తే గాల్లో మళ్లీ వేలాడాలి, ఆ చిన్న ఒళ్లు దానికి తట్టుకోలేవు. మసేను పసిడి వైపు చూశాడు. నోట్లోంచి చిన్న బుడగ ఒకటి పోయింది. చెయ్యి బిగించాడు కాని గుంజలేదు.

పసిడి పిల్లల వైపు తిరిగింది. వదలండి నాన్నా అంది. వదల్లేదు. గదమాయించింది. అప్పుడూ వదల్లేదు.

వాటిల్లో ఒకటి అడిగింది. "ఇది వదిలేస్తే దేన్ని పట్టుకోవాలమ్మా?"

నిజమే, దేన్ని పట్టుకుంటారు? పసిడి చుట్టూ చూసింది. ఇసుక. రాళ్లు, అవి తోకకి అందవు. కొంచెం అవతల సముద్రపు గడ్డి. పసిడి దాని దగ్గరకి వెళ్లి, అవ్వా, నా పిల్లల్ని పట్టుకోనివ్వు అని అడిగింది.

గడ్డి ముసలిది. ఎవరి గొడవా పట్టించుకోదు.

"మీ పసుపు చూసి పెద్ద చేపలొస్తాయి. మిమ్మల్ని తినేటప్పుడు నన్నూ వేళ్లతో సహా పెరుక్కుపోతాయి. నన్ను పట్టుకునేవాళ్లు నా రంగులో ఉండాలి. ఒప్పుకుంటే రమ్మను" అంది.

పసిడి తన ఒంటి వంక చూసుకోలేదు. సముద్రంలో ఇంకెవరికీ లేని రంగు అది. "ఒప్పుకున్నాను" అంది.

గడ్డి వంగింది. ఒక్కో పోచా తాడు పక్కన ఒరిగి నిలబడింది. మొదటి పిల్ల తాడు వదిలి గడ్డిపోచకి తోక చుట్టింది. చుట్టగానే తోక ఆకుపచ్చగా మారింది, తర్వాత పొట్ట, తర్వాత మొహం. పిల్ల కనపడలేదు. గడ్డి కనపడింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. కళ్లముందే పిల్లలు ఒకరొకరే మాయమైపోతుంటే పసిడి ఒక్కో పోచ చుట్టూ తిరిగింది. ఉన్నారని తెలుసు. అయినా తిరిగింది.

పైన ఎల్లాజీ చేతిలో తాడు ఒకటే వణుకు. లాగు అని చిన్నప్పటినుంచీ నేర్చుకున్న మాట చెవిలో హోరెత్తింది. పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. లాగలేదు.

కింద ఒక్క పిల్ల మిగిలింది. అందరిలోకీ చిన్నది. గాల్లో వేలాడినప్పుడు దానికి ఎక్కువ భయం వేసింది. గడ్డి వచ్చి తాకినా వదలదు, అమ్మ వచ్చి బతిమాలినా వదలదు. మసేను మోకాళ్ల మీద కూలబడ్డాడు.

అప్పుడు వచ్చాడు నిట్రాయి. ఇంతసేపూ సిగ్గుతో రాయి వెనక నిలబడ్డాడు. మనం శనగలు పోయించుకోవడానికి కొంగు ఒడి పడతామే, అలా తన పొట్ట చర్మం ముందుకి లాగి ఒడి పట్టాడు. ఆ ఒడి పిల్ల మొహానికి ఆనించాడు. లోపల చీకటిగా, వెచ్చగా ఉంది. పిల్ల ఒకసారి తొంగి చూసింది. తోక వదిలి అందులోకి దూకింది.

"గుంజు" అంది పసిడి.

మసేను గుంజాడు. ఎల్లాజీ చెయ్యి ఆ గుంజుని గుర్తుపట్టింది. లాగాడు. ఈసారి తాడు బరువుగా వచ్చింది. అతను ఏడుస్తూ లాగాడు, బరువుకి కాదు.

పడవలో పడ్డాక మసేను చాలాసేపు దగ్గాడు. ఏం చూశావు బావా అని ఎల్లాజీ అడగలేదు. బావ చూసినదాన్ని తనూ చూశాడు. ఇంటికెళ్లాక నూకాలు ఇద్దర్నీ కలిపి తిట్టింది. సంతలో గుర్రం దొరకలేదా, నీళ్లలో గుర్రం కావాల్సొచ్చిందా అంది. తిట్టి, అన్నం పెట్టి, వాకిట్లోకి వెళ్లి కాసేపు కూర్చుంది.

ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఊపిరాడకపోతే గుర్రాలేం ఖర్మ, ఏనుగులు కూడా కనపడతాయి అని నవ్వారు. మర్నాడు నలుగురు దిగి వెతికారు. గడ్డి తప్ప ఏమీ లేదని వచ్చి చెప్పారు. అందులో ఒకడు ఆ గడ్డిలోనే చెయ్యి ఆనించి నిలబడ్డాడు కూడా.

కింద ఆ రోజు ఏం జరిగిందంటే, పసిడి ఒక్కో గడ్డిపోచ దగ్గరకీ వెళ్లింది. మూతితో తాకి చూసింది. కన్ను తిప్పితే పిల్ల, తిప్పకపోతే గడ్డి. అలా మొత్తం గడ్డి అంతా తాకింది. పిలిస్తే పలకరు, భయం ఇంకా పోలేదు. లెక్క ఒకటి తక్కువొచ్చింది, నిట్రాయి ఒడిలోది ఆ కంగారులో గుర్తే రాలేదు. మళ్లీ మొదటినుంచి తాకింది. మళ్లీ ఒకటి తక్కువ. మూడోసారి మొదలుపెడుతుంటే నిట్రాయి దగ్గరకొచ్చి పొట్ట చూపించాడు. లోపల్నుంచి చిన్నది తోక కదిపింది.

పసిడి ఆ తోకని మూతితో తాకింది.

"ఇకనుంచి నువ్వే మొయ్యి" అంది.

"అందరినా?"

"అందరినీ. పెద్దయి వాళ్లంతట వాళ్లు గడ్డి పట్టుకునేదాకా."

"ఎంతమంది?" అని అడిగాడు నిట్రాయి.

"అది నాకు తెలుసు. పొద్దున్నే వచ్చి నేను లెక్కపెట్టుకుంటాను" అంది.

నిట్రాయి గడ్డిపోచకి తోక చుట్టాడు. అతని పసుపు కూడా పోయింది. పసిడి కూడా పక్క పోచకి తోక చుట్టింది. రోజంతా పట్టుకుని ఉండటమే పనయ్యాక వాళ్లకి ఆ బాణంలాంటి ఈత మెల్లగా మరుపున పడింది. పోయినందుకు వాళ్లేమీ బాధపడలేదు.

అప్పటినుంచే సముద్రపు గుర్రం దేని పక్కనుంటే దాని రంగులో ఉంటుంది, గడ్డిలో గడ్డిలా, ఎర్ర పాచిలో ఎర్ర పాచిలా. అప్పటినుంచే దొరికినదాన్ని తోకతో పట్టుకుని వదలదు, నీళ్లు ఎటు ఊపితే అటు ఊగుతుంది. ఇప్పుడు దిగేవాళ్లకి అద్దాలున్నాయి, సిలిండర్ నిండా గాలి ఉంది, గంటసేపు వెతకొచ్చు. అయినా దాని ముందునుంచే ఈదుకుంటూ పోతారు. ఎప్పుడో, ఎవరికో ఒకరికి, గడ్డిపోచ కన్ను తిప్పినట్టు అనిపిస్తుంది. అదే అది. మీకు కనపడితే చూసి వచ్చెయ్యండి, చెయ్యి చాపకండి.

పిల్లల్ని పొట్టలో మోసేది తండ్రే. తల్లి రోజూ తెల్లవారుతుండగానే వస్తుంది. అతని చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరుగుతుంది. పక్కన నిలబడి పొట్టలో ఎంతమందో ఒక్కొక్కరినే లెక్కపెడుతుంది. అందరూ ఉన్నారని తేలాక మేతకి వెళ్తుంది.